మల్లె, కనకాంబరం, మరువం: వేసవి బొంతకు గుడ్డలూ రంగులూ ఎంచుకోవడం ఎలా

వేసవి బొంత కుట్టాలని అనిపించగానే చాలామంది నేరుగా బట్టల దుకాణానికి వెళ్ళి రంగులు చూస్తారు. పసుపు బాగుంది, నారింజ బాగుంది అని అర మీటరు చొప్పున కొనుక్కుని వస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు గుడ్డ, ఆ తరువాతే రంగు. గుడ్డ తప్పితే ఎంత అందమైన బొంతైనా మే నెలలో బీరువా దాటి బయటికి రాదు.

తిరుపతిలో మా చిన్నప్పుడు మే నెలంతా మిద్దె మీదే పడుకునేవాళ్ళం. సాయంత్రం బిందెలతో నీళ్ళు చల్లితే సున్నపు వాసనతో ఆవిరి లేచేది. అది తగ్గాక చాప పరిచి, చాప మీద మా అవ్వ కుట్టిన బొంత వేసేవాళ్ళం. పడుకునేటప్పుడు అది ఒంటి కిందే ఉండేది. తెల్లవారుజామున కొండ వైపు నుంచి గాలి తిరిగినప్పుడు, కళ్ళు తెరవకుండానే ఒక అంచు లాగి మీద కప్పుకునేవాళ్ళం. వేసవి బొంత చేయవలసిన పని సరిగ్గా ఇదే. మొదటి జాములో చెమట పీల్చాలి, చివరి జాములో పలుచని చలిని ఆపాలి. ఈ రెండు పనులూ ఒకే గుడ్డ చేయాలంటే అది నూలుదే కావాలి. అందులోనూ ఎన్నోసార్లు ఉతికిన నూలుకు సాటి లేదు.

కొలత ఇప్పుడే తేల్చుకోండి. ఒకరు పడుకునే బొంతకు ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు చాలు. ఇక్కడ నేను చెప్పే లెక్కలన్నీ ఆ కొలతకే.

మొదట ఇంట్లో వెతకండి

బీరువా అడుగున ఉన్న పాత నూలు చీరలు, పంచెలు, లుంగీలు అన్నీ బయటికి తీసి మంచం మీద పోయండి. చీరను కిటికీకి ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని వెలుతురులో చూడండి. పోగులు విడిపోయి జల్లెడలా కనిపించే చోటు పనికిరాదు. సాధారణంగా కూర్చున్నప్పుడు ఒరుసుకునే భాగమే మొదట నలుగుతుంది. ఆ మేర కత్తిరించి పక్కన పెట్టండి. మిగతా చోట బొటనవేళ్ళతో అటూ ఇటూ గట్టిగా లాగండి. చిరిగిన చప్పుడు రాకపోతే ఆ గుడ్డకు ఇంకా చాలా ఏళ్ళ ఆయుష్షు ఉన్నట్లే.

ఒక్క పాత చీరలో రెండు ఛాయలు దాగి ఉంటాయి. నడుము దగ్గర మొదటి చుట్టులో ఉండే లోపలి చెంగుకు ఎండ తగలదు కనుక దాని రంగు దాదాపు కొన్ననాటిలాగే ఉంటుంది. భుజం మీదుగా ఎండకు ఎండిన పైట అదే రంగులో రెండు మూడు మెట్లు లేతగా వెలిసి ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ దుకాణంలోనూ ఇంత చక్కగా కుదిరిన జత దొరకదు. మా అవ్వ బొంతలో ఒక ఆకుపచ్చ వరస ఇలాగే ముదురు నుంచి లేతకు జారుతూ పోతుంది. చాలాకాలం అవి నాలుగు వేర్వేరు చీరలనుకున్నాను. ఆమెను అడిగితే అది ఒకే చీర అని తెలిసింది.

తరువాత రవిక ముక్కల మూట విప్పండి. పేరంటాలకు, వ్రతాలకు, గృహప్రవేశాలకు తాంబూలంలో పెట్టిన ముక్కలు మన ఇళ్ళలో తక్కువేమీ ఉండవు. ఒక్కోటి సుమారు ఎనభై సెంటీమీటర్లు ఉంటుంది కనుక బొంతకు కావలసిన ఆరున్నర అంగుళాల చదరపు ముక్కలు ఒక్కోదానిలో ఇరవైకి తగ్గకుండా వస్తాయి. రంగులకు కూడా కొదవ ఉండదు. చిక్కంతా ఒక్కటే: వీటిలో చాలా వాటిలో నూలుతో పాటు పాలిస్టర్ కలిసి ఉంటుంది. చేతితో తాకితే తెలిసిపోతుందని అనుకోకండి. నిప్పుతోనే తేల్చుకోవాలి.

నూలా, కాదా?

గుడ్డ అంచు నుంచి పది పోగులు లాగి, పురి పెట్టి, పట్టకారుతో పట్టుకోండి. కింద నీళ్ళ పళ్ళెం ఉండాలి, దగ్గరలో మరో గుడ్డ ఉండకూడదు. అగ్గిపుల్ల ముట్టించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, చివరికి వేళ్ళ మధ్య పొడి అయ్యే మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిసినదైతే ముడుచుకుపోతూ కరుగుతుంది, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఆ పూస కనిపించిన గుడ్డను, రంగు ఎంత నచ్చినా సరే, వేసవి బొంత నుంచి తీసేయండి. అది చెమటను పీల్చుకోదు. ఆ ముక్క ఉన్న చోటల్లా వీపుకు అంటుకుంటుంది.

నిప్పు వద్దనుకుంటే నీటి చుక్కతో కొంతవరకు తేల్చవచ్చు. గంజి పోయేలా ఉతికి ఆరబెట్టిన గుడ్డ మీద ఒక చుక్క వేయండి. నూలు వెంటనే తాగేస్తుంది, పాలిస్టర్ మీద చుక్క కాసేపు నిలబడుతుంది. తరువాత గుడ్డను పెదవులకు ఆనించి ఊదండి. అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగిలితే ఆ నేత వేసవికి సరిపోతుంది.

కొనవలసి వస్తే

ఇంట్లో దొరికినవి చాలకపోతే అప్పుడు బజారుకు వెళ్ళండి. తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల మీటరు లెక్కన గుడ్డ అమ్మే దుకాణాలు ఉన్నాయి. "కాటన్" అని ఊరికే అడగకండి, "ప్యూర్ కాటన్" అని అడిగి, ఒక పోగు కాల్చి చూస్తానని చెప్పండి. పైభాగానికి కేంబ్రిక్ అన్నిటికంటే అనువైనది. పలుచగా ఉంటుంది, కత్తెర కింద జారదు. మల్‌మల్ ఇంకా మెత్తన, కానీ చిన్న ముక్కలుగా కోస్తే సాగిపోయి మూలలు కుదరవు. దాన్ని లోపలి పొరకు, అడుగు భాగానికి ఉంచుకోండి. పాప్లిన్ గట్టిగా, దగ్గర నేతతో ఉంటుంది. మంచం మీద పరిచే దుప్పటికి మంచిదే, వేసవి బొంతకు మాత్రం నేను వద్దంటాను.

మన జిల్లాల్లోనే నేత ఉంది. నగరి, పుత్తూరు మరమగ్గాలకు పేరు పడ్డాయి. వెంకటగిరి నూలు చీర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఊపిరి లాంటి నేత అది. ఒక పాత వెంకటగిరి చీర మీ ఇంట్లో ఉంటే బొంత అడుగుకు, అంటే ఒంటికి తగిలే వైపుకు, దాన్నే వాడండి. జరీ అంచు మాత్రం తప్పకుండా కత్తిరించి తీసేయాలి. జరీ తీగలు ఉతికేకొద్దీ తెగి, నిద్రలో మెడకు గుచ్చుకుంటాయి.

పట్టు వద్దు. మదనపల్లె పట్టు ఎంత మెరిసినా అది చెమటకు, చాకిరేవుకు పుట్టిన గుడ్డ కాదు.

శ్రీకాళహస్తి కలంకారీ విషయంలో నా మాట ఇది: దాన్ని ముక్కలుగా కోయకండి. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టి, ఇనుప తుప్పు బెల్లం నీళ్ళలో ఊరగా వచ్చిన నల్లరంగుతో, వెదురు కలంతో చేతితో గీసిన బొమ్మ అది. దాన్ని ఆరంగుళాల ముక్కలుగా చేస్తే నెమలికి మెడ ఒకచోట, తోక ఒకచోట పోతాయి. అంతగా మనసైతే పన్నెండు అంగుళాల బొమ్మ ఒక్కటి కొని, నాలుగు చిన్న చదరాలకు బదులుగా బొంత నడుమ పెట్టండి. కుట్టుకు పావు అంగుళం చొప్పున చుట్టూ అదనంగా ఉండాలి. ఆ ఒక్క బొమ్మ కోసం బొంత మొత్తాన్నీ చన్నీళ్ళలో ఉతికి, నీడలో ఆరవేయాల్సి ఉంటుంది. దానికి సిద్ధపడితేనే ఆ పని పెట్టుకోండి.

కోసే ముందు ఉతకాలి

కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుదించుకుపోతుంది. పాతది ఇక కుదించుకోదు. కొత్తదాన్ని ముందుగా ఉతకకుండా రెండూ కలిపి కుడితే, మొదటిసారి నీళ్ళలో వేసినప్పుడు కొత్త ముక్క లాగుతుంది, పాత ముక్క ఉబ్బుతుంది, కుట్టు ముడతలు పడుతుంది. అందుకని కొత్తవన్నీ రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి.

రంగు దిగడం ఇంకా పెద్ద సంగతి. నా మొదటి బొంతకు కుంకుమ ఎరుపు కోసం చాలా తిరిగి, రంగు పోదని దుకాణంలో చెప్పిన మాట నమ్మి మీటరు గుడ్డ తెచ్చాను. దాన్ని విడిగా ఉతకలేదు. మూడు నెలలు కుట్టిన బొంతను తొలిసారి బకెట్టులో ముంచి తీసినప్పుడు తెల్లముక్కలన్నీ గులాబీ రంగు పులుముకున్నాయి. అన్నీ ఒకేలా కూడా కాదు, ఎరుపు పక్కన ఉన్నవి ఎక్కువగా, దూరంగా ఉన్నవి మరకలు మరకలుగా. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఎరుపు, ముదురు నీలం, నలుపు, మెరూన్ గుడ్డలను ఒక్కొక్కటిగా నానబెట్టండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకండి. తరువాత తడి ముక్కను తెల్లని పాత బనీను గుడ్డ మడతలో పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. తెల్లగుడ్డకు రంగు అంటకపోతే సరే. నాలుగోసారి ఉతికినా అంటుతూ ఉంటే ఆ గుడ్డను వదిలేయండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని పెద్దలు చెబుతారు. ఇప్పటి అద్దకపు రంగుల విషయంలో దాన్ని నమ్ముకోకండి.

రంగుల కోసం ఒక మూర కదంబం కొనండి

ఇప్పుడు రంగులు. పూలమ్మే చోటుకు వెళ్ళి ఒక మూర కదంబం తీసుకోండి. ఇంటికి తెచ్చి బల్ల మీద చాచి పెట్టండి. కంటికి మొదట కనిపించేది మల్లె తెలుపు. అది ఉత్త తెలుపు కాదు, మొగ్గ కాడ దగ్గర లేత ఆకుపచ్చ, విరిసిన రేకు అంచున వెన్న రంగు. మధ్యమధ్య కనకాంబరాల నారింజ గుత్తులు. అక్కడక్కడ మరువపు రెమ్మ, బూడిద కలిసిన ఆకుపచ్చ. ఇప్పుడు దండలో ఏది ఎంత ఉందో చూడండి. సగానికి పైగా మల్లె, దానిలో సగం కనకాంబరం, మిగిలిన కొంచెం మరువం. కనకాంబరం ఎక్కువైతే దండ కళ్ళకు కొడుతుంది. మరువం ఎక్కువైతే మాసినట్లు కనిపిస్తుంది. తరతరాలుగా పూలు కట్టే చేతులకు తెలిసిన ఈ పాళ్ళే వేసవి బొంతకు కూడా సరిపోతాయి.

లెక్క చూడండి. ఆరంగుళాల చదరాలతో అడ్డంగా పది, నిలువుగా పద్నాలుగు, మొత్తం నూట నలభై ముక్కలు. కుట్టుకు చుట్టూ పావు అంగుళం కలుపుకుని ఒక్కో ముక్కను ఆరున్నర అంగుళాలకు కోయాలి. మల్లె పాలుకు 84 ముక్కలు, కనకాంబరం పాలుకు 42, మరువం పాలుకు 14. నలభై నాలుగు అంగుళాల పన్నా ఉన్న కొత్త గుడ్డ అయితే వరసగా రెండు ముప్పావు మీటర్లు, ఒకటిన్నర మీటరు, ముప్పావు మీటరు పడుతుంది. కుదించుకుపోయే మేర కూడా ఇందులోనే ఉంది.

మల్లె పాలు అంటే 84 ముక్కలూ ఒకే తాను నుంచి కోయమని కాదు. అలా కోస్తే బొంత ఆస్పత్రి దుప్పటిలా ఉంటుంది. వెన్న రంగు, గంజి రంగు, లేత చందనం, వెలిసిన పంచె తెలుపు, సన్నని చుక్కలున్న తెలుపు, ఇలా ఐదారు రకాలు కలపండి. కనకాంబరం పాలులో కూడా అంతే. పండిన మామిడి పసుపు, తోతాపురి ఎర్రబారిన బుగ్గ, రేలపూల పసుపు అన్నీ ఆ గుంపులోకే వస్తాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లేత రంగు చల్లన, ముదురు రంగు వేడి అని అందరూ అంటారు. ఎండలో నిలబడ్డప్పుడు అది నిజం. రాత్రి చీకట్లో ఒంటి మీద ఉన్న బొంత నలుపైనా తెలుపైనా ఒకటే, వేడిని నిర్ణయించేది నేత, పొరలు. అయినా నేను లేత రంగులే ఎక్కువ పెట్టమంటున్నది కంటి కోసం. మధ్యాహ్నం రెండింటికి ఎండలో నుంచి ఇంట్లోకి వచ్చినప్పుడు మంచం మీద ఏ రంగు కనిపిస్తే మనసు కుదుటపడుతుందో ఆలోచించండి. పైగా వేసవి బొంతను తరచుగా ఉతకాలి, మిద్దె మీద ఆరవేయాలి. ఇక్కడి ఎండకు ముదురు రంగు రెండు వేసవులలో వెలిసిపోతుంది.

కదంబం నచ్చకపోతే వేరే దారులూ ఉన్నాయి. మే నెలలో తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి పసుపు, వేపాకు, కుంకుమ కళ్ళ ముందు ఉంటాయి. అవి బలమైన రంగులు కనుక కుంకుమను పది ముక్కలకు మించనివ్వకండి. చల్లదనం కావాలంటే తాటి ముంజె తెలుపు, లేత నీలం, నేరేడు ఊదా బాగా కలుస్తాయి. చిత్తూరు మామిడి తోటలో లేత చిగురు రాగి రంగులో ఉంటుంది. ఆ రాగి, ముదురు ఆకుపచ్చ, పండు పసుపు కలిపి కుట్టిన బొంతను నేను ఒక పెళ్ళికూతురికి ఇచ్చాను. నా చేతి పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

లేత, మధ్యమం, ముదురు తేల్చుకోవడం

రంగు పేరు కన్నా దాని ముదురుతనం ముఖ్యం. పసుపు, నారింజ, లేత ఆకుపచ్చ మూడూ వేర్వేరు రంగులే, కానీ మూడూ మధ్యమమే అయితే బొంత దూరం నుంచి ఒకే ముద్దలా కనిపిస్తుంది. అన్ని గుడ్డలనూ వరసగా పరిచి, ఫోనులో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఏది లేత, ఏది ముదురు అన్నది వెంటనే తేలిపోతుంది. ఫోను లేకున్నా పరవాలేదు, పది అడుగుల దూరంలో నిలబడి కళ్ళు అరమూసి చూడండి. మా అవ్వ అలాగే చూసేది.

ఈ పరీక్ష పగటి వెలుతురులోనే చేయాలి. దుకాణపు దీపాల కింద చూసిన చందనం రంగు ఇంటికొచ్చాక గులాబీగా కనిపించడం మామూలే. గుడ్డను వీధి గుమ్మం దాకా తెచ్చి చూస్తానంటే ఏ దుకాణదారూ కాదనడు.

అచ్చు పువ్వులున్న గుడ్డ కొనేటప్పుడు ఆరంగుళాల చదరం కోసిన అట్టముక్క వెంట తీసుకెళ్ళండి. ఆ కంతలోంచి గుడ్డను చూస్తే ముక్కలో ఏమి మిగులుతుందో తెలుస్తుంది. పెద్ద పువ్వు సగం తెగి గుర్తుపట్టలేని మరకలా మిగిలితే వద్దు. చిన్న చుక్కలు, సన్నని చారలు, లుంగీ గళ్ళు బాగుంటాయి. గళ్ళ గుడ్డను మాత్రం పోగు వెంట నేరుగా కోయాలి. వంకర పోతే బొంత మొత్తం ఒరిగినట్లు ఉంటుంది.

అడుగు, లోపలి పొర

అడుగుకు ఒక పాత చీర చాలు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోసి, రెండు పన్నాలూ పక్కపక్కన కలిపి కుడితే ఐదు, ఏడు అడుగుల కొలతకు మించే వస్తుంది. నాలుగు మీటర్ల పంచె అయితే పొడవు ఆరున్నర అడుగులకే సరిపోతుంది కనుక ముక్కల వరస ఒకటి తగ్గించుకోండి. లోపలి పొరకు మరొక పలుచని పాత చీర ఒక్కటే పెట్టండి. దూది వద్దు, దుకాణంలో అమ్మే పాలిస్టర్ పొర అసలే వద్దు. లోపలి చీర రంగు అడుగున పెట్టిన దానికంటే ముదురుగా ఉంటే నీడలా బయటికి కనిపిస్తుంది, కాబట్టి లేతదే చూసుకోండి.

పరిచి, ఒక రాత్రి వదిలేయండి

కోసిన ముక్కలన్నీ నేల మీద వరసలుగా పరచండి. తలవైపు రెండు వరసల్లో వెన్న రంగు, తెలుపు పెట్టకండి. తలనూనె మరక అక్కడే పడుతుంది. మధ్యమ రంగులు, గళ్ళు, చుక్కలు అక్కడికి జరపండి. మరువపు ముక్కలు పద్నాలుగూ ఒక చోట గుంపు కట్టకుండా చెదురుమదురుగా పడాలి, ఏ రెండూ మూలమూలా తగలకూడదు. అప్పుడు ఫ్యాను ఆపి, తలుపు వేసి, రాత్రికి వదిలేయండి. తెల్లవారి గుమ్మంలోంచి చూడగానే కన్ను ఏ ముక్క దగ్గర తట్టుకుంటుందో దాన్ని మార్చండి. మూడు నాలుగు ముక్కలకు మించి మార్చాలనిపిస్తే పాళ్ళు తప్పాయని అర్థం, మళ్ళీ మల్లెలు లెక్కపెట్టండి.

దారం నూలుదే, గంజి రంగుది. పాత గుడ్డను గట్టి పాలిస్టర్ దారం కాలక్రమేణా కోసేస్తుంది. టాకా వరసలు నాలుగు వేళ్ళ ఎడంలో వేస్తే పొరలు కదలవు, బొంత బిగుసుకోదు.

కోయగా మిగిలిన ముక్కలను పారేయకండి. ప్రతి రకంలో రెండు మూడు తీసి ఒక దారానికి గుచ్చి, బొంతను ఉతికిన ప్రతిసారీ దానితో పాటే ఉతికి, దానితో పాటే ఎండలో ఆరవేయండి. నాలుగైదేళ్ళ తరువాత ఎక్కడైనా చిరిగి అతుకు వేయవలసి వచ్చినప్పుడు, అదే మేరకు వెలిసిన ముక్క చేతికి దొరుకుతుంది.